ఎల్బ్‌ఫిల్హార్మొనీ
జర్మనీలోని హాంబుర్గ్‌లో ఎల్బె నది ఒడ్డున ఉన్న సంగీత సభా భవనం. 1960లలో కోకో, తేయాకు, పొగాకు నిల్వకు కట్టిన ఇటుక గోదాము వెలుపలి గోడలను అలాగే ఉంచి, వాటిపై అలల ఆకారపు కప్పుతో గాజు భవనాన్ని నిలబెట్టారు. మొత్తం ఎత్తు 110 మీటర్లు. రూపకర్తలు స్విట్జర్లాండ్‌కు చెందిన హెర్జోగ్-డి మ్యూరాన్ సంస్థ. 2007లో మొదలైన నిర్మాణం, ఖర్చు అంచనాలను ఎన్నో రెట్లు దాటి, 2017 జనవరి 11న ప్రారంభోత్సవానికి చేరింది.

2,100 సీట్ల ప్రధాన మందిరంలో వేదిక నడుమ ఉంటుంది. శ్రోతలు చుట్టూ అంచెలంచెలుగా కూర్చుంటారు. గోడలకు, కప్పుకు బిగించిన దాదాపు 10,000 జిప్సం పలకలపై గుంటలను వేర్వేరు లోతుల్లో చెక్కారు. శబ్దం ఒకే దిక్కుకు తిరిగి రాకుండా నలువైపులా చెదిరేది వీటివల్లనే. ధ్వని రూపకల్పన జపాన్ నిపుణుడు యాసుహిసా టొయోటాది. ఓడరేవు మోత లోపలికి రాకుండా మందిరం మొత్తాన్నీ 362 స్ప్రింగు దిమ్మెలపై నిలిపారు.