ఇల్లు మారుతున్నారా? ఇంట్లో గన్ ఉంటే మూవర్స్ రాకముందే ఇవి చూసుకోండి

డాలస్ నుంచి ఎడిసన్‌కి ఉద్యోగం మారింది. ఇల్లు దొరికింది, పిల్లల స్కూల్ పని అయిపోయింది, మూవర్స్ వచ్చే తేదీ కూడా ఖాయమైంది. అప్పుడు గుర్తొస్తుంది క్లోజెట్‌లో ఉన్న చిన్న సేఫ్. అందులో ఎప్పుడో కొన్న పిస్టల్, రెండు పెట్టెల బుల్లెట్లు ఉన్నాయి. మన వాళ్ళ ఇళ్ళలో గన్ ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. కానీ నలుగురిలో మాట్లాడుకునే విషయం కాదు కాబట్టి ఇలాంటప్పుడు ఎవరిని అడగాలో తెలియదు. టెక్సస్‌లో ఎవరూ పట్టించుకోని వస్తువు న్యూజెర్సీలో అరెస్టు దాకా తీసుకెళ్ళగలదు.

అన్నిటికన్నా ముందు స్టేటస్ చూసుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు గన్ ఉంచుకోవచ్చు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప ఇందులో సడలింపు లేదు. దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. మన ఇళ్ళలో భార్యకి గ్రీన్ కార్డు ఉండి భర్త ఇంకా హెచ్-1బిలో ఉండటం మామూలే. అలాంటప్పుడు గన్ ఉన్న కారుని ఆవిడే నడపాలి, పెట్టె తాళం కూడా ఆవిడ దగ్గరే ఉండాలి. "నాది కాదు, మా ఆవిడది" అన్న మాట రోడ్డు పక్కన పోలీసు ముందు ఎంతవరకు పనికొస్తుందో చెప్పలేం. గ్రీన్ కార్డు ఉన్నా నిశ్చింత లేదు. గన్ నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. కేసు చిన్నదే కదా అని ఏదో ఒకటి ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ అటార్నీతో మాట్లాడి తీరాలి.

మూవర్స్ విషయానికొస్తే, బుల్లెట్లు, గన్ పౌడర్ వాళ్ళు తీసుకెళ్ళరు. అవి ప్రమాదకర సరుకుల కిందకి వస్తాయి. గన్ తీసుకెళ్ళడం కంపెనీని బట్టి ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పే ఇవ్వాలి. వంటింటి డబ్బాల మధ్య చెప్పకుండా సర్దేయడం చట్టరీత్యా తప్పు. బుల్లెట్లని పోస్టులో పంపడం కూడా కుదరదు. అందుకే ఎక్కువమంది సొంత కారులోనే తీసుకెళతారు.

దారిలో మీకు రక్షణ ఇచ్చేది 1986 నాటి ఫెడరల్ చట్టం. బయలుదేరే చోటా చేరే చోటా ఆ గన్ మీ దగ్గర ఉండటం చట్టబద్ధమైతే, మధ్యలో ఉన్న రాష్ట్రాల గుండా తీసుకెళ్ళవచ్చు. గన్‌లో బుల్లెట్లు ఉండకూడదు. గన్ గానీ బుల్లెట్లు గానీ మనుషులు కూర్చునే చోటు నుంచి చేతికి అందకూడదు. డిక్కీ ఉన్న కారైతే సులువు. ఒడిస్సీ, సియెన్నా లాంటి మినీవ్యాన్‌కీ ఎస్‌యూవీకీ విడిగా డిక్కీ ఉండదు కాబట్టి, తాళం వేసిన పెట్టెలో పెట్టి అన్నిటికన్నా వెనక ఉంచాలి. గ్లవ్ బాక్స్‌కి, సీట్ల మధ్య ఉండే కన్సోల్‌కి తాళం ఉన్నా అవి లెక్కలోకి రావు.

ఈ రక్షణ ఎంత పలచనో చెప్పే కేసు ఒకటుంది. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకి వెళుతున్న ఒక ప్రయాణికుడికి న్యూవర్క్‌లో కనెక్షన్ తప్పింది. గన్ ఉన్న చెక్ఇన్ బ్యాగు తీసుకుని ఆ రాత్రి హోటల్లో ఉన్నాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్టులో నిజాయితీగా డిక్లేర్ చేశాడు, అరెస్టయ్యాడు. కొన్ని రోజులు జైల్లో గడిపాక కేసు కొట్టేశారు. ఆయన దావా వేస్తే, రాత్రంతా బ్యాగు చేతికి అందేలా ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది. పాపం, ఆయన చేసిన తప్పల్లా ఫ్లైట్ తప్పడమే. అలా చిక్కుకుంటే బ్యాగు తీసుకోకుండా ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచమని అడగడం మేలు.

కాబట్టి రాత్రి ఎక్కడ ఆగుతారన్నది ముఖ్యం. డాలస్ నుంచి ఎడిసన్‌కి సుమారు 1,500 మైళ్ళు. మొదటి రాత్రి మెంఫిస్ దగ్గర, రెండో రాత్రి బ్రిస్టల్‌లో టెనెసీ వైపు ఆగితే, మూడో రోజు ఐ-81, ఐ-78 మీదుగా ఒక్క పగటిలో ఇంటికి చేరొచ్చు. ఆ చివరి రోజు దారిలో చుట్టాలింటికి వెళ్ళడం, గుడికి వెళ్ళడం పెట్టుకోకండి. పెట్రోలు, భోజనం, రెస్ట్ రూమ్, అంతే. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

న్యూజెర్సీలో మ్యాగజైన్‌లో 10కి మించి బుల్లెట్లు పట్టకూడదు. గ్లాక్ 19తో మామూలుగా వచ్చేది 15 పట్టేది. అంటే గన్ మారకపోయినా దాని మ్యాగజైన్ మార్చాలి. అది మీతో రాష్ట్రంలోకి వచ్చిందంటే ఫెడరల్ రక్షణా ఆదుకోదు, ఎందుకంటే చేరే చోట అది చట్టబద్ధం కాదు. ఆత్మరక్షణకని చాలామంది కొనే హాలో పాయింట్ బుల్లెట్ల మీద కూడా అక్కడ ఆంక్షలున్నాయి. నా సలహా అడిగితే, బుల్లెట్లన్నీ టెక్సస్‌లోనే రేంజ్‌లో కాల్చేయండి, లేదా అర్హత ఉన్న స్నేహితుడికి ఇచ్చేయండి. పోయేది కొద్ది డాలర్లు. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్ళు 60 రోజుల్లో ఫైర్ ఆర్మ్స్ ఐడీ కార్డుకి దరఖాస్తు చేసి, గన్ రిజిస్టర్ చేయించాలని 2022లో నిబంధన వచ్చింది.

కాలిఫోర్నియాకి వెళ్ళేవాళ్ళు కూడా 60 రోజుల్లో రాష్ట్ర జస్టిస్ శాఖకి తెలపాలి. ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు కావాలి. న్యూయార్క్‌లో పిస్టల్ ఇంట్లో ఉంచుకోవడానికి కూడా లైసెన్సు ఉండాల్సిందే. ఈ చట్టాల మీద కోర్టుల్లో ఎప్పుడూ ఏదో ఒక కేసు నడుస్తూనే ఉంటుంది. అందుకే బయలుదేరే వారం ఆ రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్ మరోసారి చూడండి.

విమానంలో అయితే చెక్ఇన్ బ్యాగులోనే. బుల్లెట్లు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్‌లో డిక్లేర్ చేయాలి. ఇదంతా అమెరికా లోపలి ప్రయాణాలకి మాత్రమే.

ఇంకొక్కటి. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. లైనింగ్‌లో మిగిలిపోయిన ఒక్క బుల్లెట్ శంషాబాద్ స్కానింగ్‌లో కనిపిస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. మర్చిపోయానని చెబితే వదిలేస్తారన్న నమ్మకం లేదు. ఎందుకైనా మంచిది, మూవర్స్ వచ్చేలోపే ఆ బ్యాగుని తిరగేసి దులపండి.