పాత పోర్టా క్యాబిన్లు, రేకుల షెడ్ల తొలగింపు (గుమ్మడిదల ప్రాంతము)

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలమునందును, చేరువనున్న జిన్నారము, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలయందును, కర్మాగార నిర్మాణకాలమున ఇంజనీర్లకు, కావలివారికి, వలస కూలీలకు వసతిగా ఏర్పడిన ఇనుప గదులను, రేకుల షెడ్లను పని ముగిసిన పిమ్మట తీసివేయు కార్యమిది. గుమ్మడిదల 2016 అక్టోబరు నాటి పునర్వ్యవస్థీకరణమున జిన్నారము మండలమునుండి వేరుపడినది గావున, అంతకు పూర్వపు కాగితములయందు ఇచటి గ్రామములను మెదక్ జిల్లా, జిన్నారము మండలము క్రింద వెదకవలెను.

పోర్టా క్యాబినును మొబైల్ హోమ్‌గా పొరబడరాదు. అమెరికాయందలి మొబైల్ హోమ్ చక్రములమీద వచ్చి నిలుచు గృహము.  ఇచటి పోర్టా క్యాబినుకు చక్రములు లేవు. క్రేను ఎత్తిపెట్టిన చోటనే యుండును. ఈ తరహా గదిని బ్రిటనునందలి యార్కు నగరపు సంస్థయొకటి 1961 ప్రాంతమున రూపొందించినదని సామాన్యముగ చెప్పుదురు.

తొలగింపు బాధ్యత ఎవరిదను విషయమున శాసనము స్పష్టముగనే యుండెను. 2025 నవంబరువరకు అమలునందున్న 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టము 34వ సెక్షను ప్రకారము, కూలీలకు తాత్కాలిక వసతిని ఉచితముగ కల్పించుటయే గాక, పని ముగియగానే వసతి గృహములను, వంటశాలలను తన ఖర్చుతో తొలగించి, నేలను చదునుచేసి పరిశుభ్రముగ అప్పగింపవలసినవాడు యజమానియే. అయితే నిర్మాణము ముగిసినను, ఆ షెడ్లే కర్మాగారపు కాంట్రాక్టు కూలీలకు నివాసములై మిగిలినచోట ఈ బాధ్యత ఏండ్ల తరబడి వాయిదా పడును. తుప్పు మాత్రము వాయిదా పడదు.

మొదట కరెంటు తీసి, తీగలు, ఫ్యాన్లు, ఏసీలు విప్పుదురు. చట్రము గట్టిగానున్న క్యాబినును హైడ్రా క్రేనుతో పైకెత్తి, ట్రెయిలరుమీద పెట్టి, సెకండ్‌హ్యాండు బేరమునకు తరలింతురు. నలుబది అడుగుల ట్రెయిలరుపై ఇరువది అడుగుల క్యాబిన్లు రెండు పట్టును. అడుగు చట్రము తుప్పుపట్టినచో ఎత్తునపుడు గది నడుమకు వంగి విరుగును గావున ఉన్నచోటనే విప్పుట క్షేమము. గోడలలో ఇనుప రేకుల నడుమ థర్మోకోలుగాని, గ్లాసు ఊలుగాని, పఫ్ అను నురుగుగాని యుండును. గోడ విప్పకయే గ్యాసు కట్టరు పెట్టుట మిక్కిలి ప్రమాదకరము: నురుగు అంటుకొనినచో కార్బన్ మోనాక్సైడుతోపాటు హైడ్రోజన్ సయనైడు కూడ వెలువడును. పలకలను విప్పి దూరముగ పెట్టిన తరువాతనే చట్రమును కోయవలెను. ఇనుము తుక్కు వ్యాపారులద్వారా కొలిమికి చేరును, నురుగును కొనువారరుదు.

సిమెంటు రేకుల విషయమై భిన్నాభిప్రాయములు కలవు. సనత్‌నగరున 1946లో స్థాపితమైన సంస్థ 'చార్మినార్' రేకులతో ఈ ప్రాంతమున ఆస్బెస్టాస్ కప్పు సర్వసామాన్యమైనది. ఆస్బెస్టాస్ నార సిమెంటులో బంధింపబడియున్నది గావున హానిలేదని పరిశ్రమవారందురు. ఆస్బెస్టాస్ సర్వవిధములును క్యాన్సరు కారకములేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పును. కప్పుమీదనున్న రేకునకు మొదటి వాదము కొంతవరకు చెల్లవచ్చునేమో గాని, పగులగొట్టి క్రిందకు విసరిన రేకునకు చెల్లదు. తడిపి, జె బోల్టులు విప్పి, ముక్కలు కాకుండ దింపుటయే ఉచితము. సామాన్యమైన కూల్చివేత వ్యర్థములకు జీడిమెట్ల, ఫతుల్లాగూడలయందు శుద్ధి కేంద్రములున్నవి. ప్రమాదకర వ్యర్థములను పాతిపెట్టు కేంద్రము గుమ్మడిదలకు వచ్చు నర్సాపూరు దారిలోని దుండిగల్‌లోనే కలదు. ప్యారానగర్ చెత్త డంపింగు యార్డునకు వ్యతిరేకముగ 2025లో ఉద్యమించిన మండలమునందు రేకుల ముక్కలు ఏ చెరువు గట్టునకు చేరునో విచారించుట అధికప్రసంగము కానేరదు.

చివర మిగులునవి కాంక్రీటు దిమ్మెలును, మరుగుదొడ్డి గుంతయు. దిమ్మెలను జేసీబీతో పెకలింతురు. గుంతను ట్యాంకరుతో తోడించి, మూత పగులగొట్టి, మొరముతో పొరలుపొరలుగ నింపి దట్టించవలెను. ఊరక మట్టి కప్పి విడిచినచో మొదటి వర్షకాలముననే అచట నేల క్రుంగును.