వృత్తిపరమైన గొలుసు రంపాలు – బ్రాండ్ల పోలిక

గొలుసు రంపం (చైన్ సా) అనేది ఇంజను లేదా విద్యుత్ మోటారు శక్తితో తిరిగే పళ్ళ గొలుసు ద్వారా కలపను కోసే యంత్రం. ఇంటి అవసరాలకు అప్పుడప్పుడు వాడే రంపాలు ఒక తరగతికి చెందినవి కాగా, అడవి పనివారు, కలప గుత్తేదారులు, సహాయక దళాలవారు రోజంతా వాడే రంపాలు మరొక తరగతికి చెందినవి. ఈ రెండవ తరగతిని వృత్తిపరమైన రంపాలు అంటారు. వీటి తయారీలో జర్మనీకి చెందిన స్టిల్, స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా, జపాన్‌కు చెందిన ఎకో ప్రపంచవ్యాప్తంగా పేరు పొందిన సంస్థలు. జర్మనీలోనే పుట్టిన డోల్మార్ కూడా చాలాకాలం ఈ వరుసలో నిలిచింది.

ఈ బ్రాండ్లను సాధారణంగా మూడు విషయాలలో పోలుస్తారు. అవి పనితనం, చేతిలో ఇమిడే తీరు, డీలరు సేవ. ఒకే తరగతికి చెందిన మంచి రంపాల మధ్య పనితనంలో తేడా స్వల్పం. మిగిలిన రెండు విషయాలలో తేడా ఎక్కువ. పనివాని ఆరోగ్యం, అతని రోజు కూలి కూడా ఆ రెండింటిపైనే అధికంగా ఆధారపడి ఉంటాయి.

చరిత్ర

ఆండ్రియాస్ స్టిల్ 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో తన సంస్థను స్థాపించి, విద్యుత్తుతో నడిచే రంపాన్ని తయారుచేశాడు. 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలు రంపాన్ని థురింగియా ప్రాంతంలోని డోల్మార్ అనే కొండపై పరీక్షించాడు. ఆ కొండ పేరే అతని సంస్థకు పేరయింది. ఆనాటి రంపం బరువు 58 కిలోగ్రాములు. దానిని మోయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేది.

రంపం ఒక్క మనిషి చేతిలోకి రావడానికి రెండు మార్పులు తోడ్పడ్డాయి. మొదటిది గొలుసులో వచ్చిన మార్పు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన జో కాక్స్ 1946లో కలపను తొలిచే ఒక పురుగు లార్వాను గమనించాడు. అది తన దవడలతో కలపను ఇరువైపులకూ చెక్కుతూ ముందుకు పోవడం చూసి, అదే పద్ధతిలో కోసే గొలుసును రూపొందించాడు. నేటి గొలుసులన్నిటికీ అదే మూలం. రెండవది ఇంజను బరువు తగ్గడం. 1959లో స్టిల్ విడుదల చేసిన కాంట్రా అనే నమూనాలో గేర్లు లేకుండా ఇంజను నేరుగా గొలుసును తిప్పుతుంది. దాని బరువు సుమారు 12 కిలోగ్రాములు.

హస్క్‌వర్నా సంస్థ 1689లో తుపాకుల కర్మాగారంగా మొదలై, తరువాత కుట్టుమిషన్లు, సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు కూడా తయారుచేసింది. దాని మొదటి గొలుసు రంపం 1959లో వెలువడింది. ఎకో రంపాలను తయారుచేసే కియోరిట్జ్ సంస్థ, షిందైవా సంస్థ కలిసి 2008లో యమబికో కార్పొరేషన్‌గా ఏర్పడినవి. డోల్మార్‌ను 1991లో జపాన్‌కు చెందిన మకిటా సంస్థ కొనుగోలు చేసింది.

పనితనం

రంపం పనితనాన్ని నిర్ణయించే అంశాలు మూడు. అవి ఇంజను శక్తి, రంపం బరువు, గొలుసు వేగం. కింది పట్టికలో కొన్ని నమూనాల వివరాలు ఉన్నాయి. బరువులో బారు, గొలుసు, ఇంధనం చేరలేదు.

| నమూనా | ఇంజను పరిమాణం (సి.సి.) | శక్తి (కిలోవాట్లు) | బరువు (కి.గ్రా.) |
|---|---|---|---|
| స్టిల్ ఎం.ఎస్. 261 | 50.2 | 3.0 | 4.9 |
| హస్క్‌వర్నా 550 ఎక్స్.పి. మార్క్ 2 | 50.1 | 3.0 | 5.3 |
| ఎకో సి.ఎస్. 501 ఎస్.ఎక్స్. | 50.2 | సుమారు 2.6 | 4.7 |
| స్టిల్ ఎం.ఎస్. 462 | 72.2 | 4.4 | 6.0 |
| హస్క్‌వర్నా 572 ఎక్స్.పి. | 70.6 | 4.3 | 6.6 |
| స్టిల్ ఎం.ఎస్. 500 ఐ | 79.2 | 5.0 | 6.2 |

50 సి.సి. తరగతిలో స్టిల్, హస్క్‌వర్నా రంపాల శక్తి సమానం. ఎకో రంపం శక్తిలో కొంత తక్కువైనా బరువులో తేలిక. 70 సి.సి. తరగతిలో శక్తి భేదం 0.1 కిలోవాటు మాత్రమే కాగా, బరువు భేదం 600 గ్రాములు. ఒక్క కోతలో ఈ బరువు తెలియదు. రోజుకు వందలసార్లు రంపాన్ని ఎత్తి దించే పనివానికి సాయంత్రానికి తెలుస్తుంది.

గొలుసు వేగాన్ని సులభంగా లెక్కించవచ్చు. 3/8 అంగుళం పిచ్ గల గొలుసును 7 పళ్ళ స్ప్రాకెట్ తిప్పినప్పుడు, ఒక్కొక్క చుట్టుకు గొలుసు సుమారు 133 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇంజను నిమిషానికి 13,000 చుట్లు తిరిగితే గొలుసు వేగం సెకనుకు 28 మీటర్లు దాటుతుంది. కలపలో కోస్తున్నప్పుడు ఇంజను వేగం 9,500 చుట్లకు తగ్గితే, గొలుసు వేగం సుమారు 21 మీటర్లకు పడిపోతుంది. అందువలన ఖాళీగా తిరిగే వేగం కంటే, భారం పడినప్పుడు నిలిచే వేగమే మంచి రంపానికి గుర్తు.

2010 ప్రాంతం నుండి పై తరగతి రంపాలలో ఇంధన మిశ్రమాన్ని ఎలక్ట్రానిక్ పరికరమే సరిచేసుకొనే పద్ధతి వచ్చింది. దీనిని స్టిల్ ఎం-ట్రానిక్ అనీ, హస్క్‌వర్నా ఆటోట్యూన్ అనీ పిలుస్తాయి. ఎండ తీవ్రత, సముద్రమట్టం నుండి ఎత్తు, గాలి ఫిల్టరుపై దుమ్ము మారినప్పుడు కార్బురేటరు స్క్రూలను చేతితో తిప్పవలసిన అవసరం వీటిలో లేదు. 2019లో వచ్చిన ఎం.ఎస్. 500 ఐ నమూనాలో కార్బురేటరే లేదు. ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నేరుగా ఇంజనులోకి చిమ్మే మొదటి గొలుసు రంపం ఇదే.

ఇన్ని భేదాలు ఉన్నా, మొద్దుబారిన గొలుసు ఏ బ్రాండు రంపాన్నైనా పనికిరానిదిగా చేస్తుంది. పదునైన గొలుసు కలపను పెచ్చులుగా కోస్తుంది. పదును పోయినది పొడిగా రాలుస్తుంది. ఖరీదైన యంత్రం కొని ఆకురాయి పట్టడం నేర్చుకోనివాని కంటే, సాధారణ రంపానికి సమయానికి పదును పెట్టేవాడే ఎక్కువ పని చేయగలడు.

చేతిలో ఇమిడే తీరు

రంపం తూకం ముందుకు గాని వెనుకకు గాని ఒరగకుండా ఉండడం, చేతిపిడుల మధ్య దూరం, స్విచ్‌లు బొటనవేలికి అందే తీరు వాడుకలో ముఖ్యమైనవి. స్టిల్ రంపాలలో స్టార్టింగు, చోక్, ఆపుదల మూడింటినీ ఒకే మీట నడుపుతుంది. ఒకే బ్రాండుకు అలవాటుపడినవారు మరొక దానికి మారడానికి సంకోచించడంలో ఈ చేతి అలవాటు పాత్ర చాలా ఉంది. ఇందులో ఏది మేలు అని తేల్చడానికి కొలమానం లేదు. కొనేముందు రంపాన్ని చేతపట్టి చూడడమే మార్గం.

కంపనానికి మాత్రం కొలమానం ఉంది. రంపపు కంపనానికి ఏళ్ళ తరబడి గురైన చేతులలో రక్తనాళాలు, నరాలు దెబ్బతిని, చలిలో వేళ్ళు తెల్లబడి స్పర్శ కోల్పోతాయి. దీనిని తెల్లవేళ్ళ వ్యాధి అంటారు. ముదిరిన తరువాత ఇది పూర్తిగా నయం కాదు. హస్క్‌వర్నా 1969లోనే కంపనాన్ని తగ్గించే ఏర్పాటును రంపంలో అంతర్భాగం చేసింది. నేటి వృత్తిపరమైన రంపాలలో ఇంజనుకూ చేతిపిడులకూ మధ్య ఉక్కు స్ప్రింగులు లేదా రబ్బరు దిమ్మలు ఉంటాయి.

2002 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం ప్రకారం, 8 గంటల పనిదినానికి సగటు కంపనం 2.5 మీ./సె² చేరితే యజమాని తగ్గింపు చర్యలు తీసుకోవాలి. 5 మీ./సె² మించరాదు. పిడి వద్ద కంపనం 5 మీ./సె² ఉన్న రంపాన్ని 2 గంటలు వాడితే మొదటి హద్దు వస్తుంది. 3.5 ఉంటే సుమారు 4 గంటలు, 2.5 ఉంటే 8 గంటలు పడుతుంది. అనగా కంపనం సగమైతే వాడదగిన కాలం నాలుగు రెట్లవుతుంది. ఈ సంఖ్య ప్రతి నమూనా మాన్యువల్‌లోనూ ఉంటుంది. కొనుగోలుదారులు తరచుగా చూడని సంఖ్య కూడా ఇదే.

బారు కొన పైభాగం కలపకు తగిలినప్పుడు రంపం ఒక్కసారిగా మనిషి మీదికి ఎగిరి రావడాన్ని కిక్‌బ్యాక్ అంటారు. దీనిని ఎదుర్కొనడానికి స్టిల్ 1972లో, హస్క్‌వర్నా 1973లో గొలుసు బ్రేకును ప్రవేశపెట్టాయి. నేడు పేరున్న బ్రాండ్లన్నిటిలోనూ ఇది ఉంటుంది. అయినా అది శిరస్త్రాణానికి, చెవి రక్షణకు, కోత నిరోధక ప్యాంటుకు ప్రత్యామ్నాయం కాదు.

డీలరు సేవ

వృత్తిపరమైన రంపం విషయంలో డీలరు అంటే అమ్మేవాడు మాత్రమే కాదు. రంపాన్ని నడిపించి చూపడం, గొలుసు బిగువు సరిచేయడం, విడిభాగాలు నిల్వ ఉంచడం, మరమ్మతు చేయడం అతని బాధ్యతలు. ఎలక్ట్రానిక్ నియంత్రణ గల రంపాలు వచ్చిన తరువాత ఈ బాధ్యత పెరిగింది. పాత రంపాన్ని ఊరి మెకానిక్ స్క్రూడ్రైవరుతో సరిచేయగలిగేవాడు. కొత్త రంపంలో లోపాన్ని కనుగొనడానికి కంపెనీ కంప్యూటరు పరికరం అవసరం కావచ్చు. అందువలన డీలరు దూరంగా ఉన్న ప్రాంతాలలో కార్బురేటరు గల పాత తరహా నమూనాలనే కొందరు కోరుకుంటారు.

అమ్మకపు పద్ధతిలో బ్రాండ్ల మధ్య స్పష్టమైన తేడా కనిపిస్తుంది. స్టిల్ అమెరికాలో తన రంపాలను పెద్ద గొలుసు దుకాణాలకు ఇవ్వక, మరమ్మతు చేయగల డీలర్ల ద్వారానే అమ్మడాన్ని 2000 దశకంలో ప్రకటనలలోనే గొప్పగా చెప్పుకొన్నది. హస్క్‌వర్నా తన గృహ తరగతి రంపాలను పెద్ద దుకాణాలలోనూ, ఎక్స్.పి. వంటి వృత్తి తరగతి రంపాలను ప్రధానంగా డీలర్ల ద్వారానూ అమ్మింది. మొదటి పద్ధతిలో సేవ దగ్గరగా ఉంటుంది గాని కొనే చోట్లు తక్కువ. రెండవ పద్ధతిలో కొనడం సులభమే గాని, ఒకే పేరు మీద రెండు తరగతుల రంపాలు ఉన్నాయని కొనేవారు గుర్తించాలి.

తయారీ ఆగిపోతే ఏమవుతుందనేదానికి డోల్మార్ ఉదాహరణ. మకిటా సంస్థ 2022 మార్చితో పెట్రోలు ఇంజను యంత్రాల తయారీని నిలిపివేసి, బ్యాటరీ యంత్రాలపై దృష్టి పెట్టింది. దానితో మంచి పేరున్న 79 సి.సి. తరగతి రంపాల ఉత్పత్తి కూడా ముగిసింది. ఆ రంపాల పనితనంలో లోపమేమీ రాలేదు. కాని వాటిని నమ్ముకున్నవారికి విడిభాగాల లభ్యత ప్రధాన ప్రశ్న అయింది.

నకిలీల సమస్య కూడా డీలరు సేవతో ముడిపడినదే. ప్రసిద్ధ బ్రాండ్ల రంగులను, పేర్లను అనుకరించిన రంపాలు అనేక దేశాలలో అమ్ముడవుతున్నాయి. గొలుసు బ్రేకు సరిగా పనిచేయని నకిలీ వలన నష్టపోయేది డబ్బు మాత్రమే కాదు. గుర్తింపు పొందిన డీలరు ఇచ్చే బిల్లు, యంత్రంపై ఉన్న క్రమసంఖ్య సరిపోల్చుకోవడం దీనికి తగిన జాగ్రత్త.

తెలుగు ప్రాంతాలలో

ఆంధ్ర ప్రదేశ్ తీర మండలాలలో సరుగుడు, సుబాబుల్, జామాయిల్ తోటలను కాగితపు మిల్లుల కోసం, కలప కోసం పెంచుతారు. ఈ చెట్ల మొదళ్ళు ఎక్కువ లావు ఉండవు కనుక 40–50 సి.సి. రంపం, 16 అంగుళాల బారు సాధారణంగా సరిపోతాయి. పెద్ద రంపం ఇక్కడ అనవసరపు బరువే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో వేలాది చెట్లు కూలి రహదారులు మూసుకుపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. ఇటువంటి సమయాలలో అంబులెన్సుకు దారి ఇవ్వడం మొదలు విద్యుత్ లైన్ల పునరుద్ధరణ వరకు అన్నిటికీ రంపాలు కావాలి. దుకాణాలు మూతపడే ఆ రోజులలో అదనపు గొలుసులు, ఆకురాయి, గొలుసు నూనె ముందే నిల్వ ఉంచుకొనడం, విడిభాగాలు పరస్పరం సరిపోయేలా ఒకే రకం రంపాలను కొనడం ఉపయోగకరం.

ఇంధనం విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఈ రంపాలలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజనువి. 50:1 నిష్పత్తిలో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టి ఆయిల్ కలపాలి. 2025 నాటికి భారతదేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు అడుగున వేరుపడితే నూనె అందక ఇంజను పాడవుతుంది. కాబట్టి తమ నమూనాకు ఎంత శాతం ఇథనాల్ వరకు అనుమతి ఉన్నదో మాన్యువల్‌లో చూసుకొనాలి. కలిపిన ఇంధనాన్ని వారాల తరబడి నిల్వ ఉంచరాదు. పని లేని కాలంలో ట్యాంకును ఖాళీ చేయాలి.

ఎంపికలో గమనించవలసినవి

* కోయవలసిన చెట్ల లావును బట్టి ఇంజను పరిమాణం, బారు పొడవు నిర్ణయించుకొనాలి.
* శక్తితో పాటు బరువును, మాన్యువల్‌లోని కంపన విలువను పోల్చాలి.
* రంపాన్ని చేతపట్టి, వీలైతే నడిపి చూసిన తరువాతే కొనాలి.
* అదే రోజు మరమ్మతు చేయించుకొనగల దూరంలో డీలరు ఉన్నాడో లేదో తెలుసుకొనాలి. స్ప్రాకెట్, నూనె పంపు, గాలి ఫిల్టరు, స్టార్టరు తాడు అతని వద్ద నిల్వ ఉన్నాయేమో అడగాలి.
* రక్షణ దుస్తుల ఖర్చును రంపం ఖరీదులో భాగంగానే లెక్కించాలి.

రెండు రంపాల మధ్య అర కిలోవాటు శక్తి తేడా రోజు పనిలో కొన్ని నిమిషాలను మాత్రమే మారుస్తుంది. విడిభాగం కోసం వారం రోజులు మూలనపడిన రంపం మాత్రం దానిని నమ్ముకున్న కుటుంబానికి వారం రోజుల సంపాదన పోగొడుతుంది. అందుచేత పనివాడు తిరిగే ప్రాంతంలో మంచి డీలరు ఉన్న బ్రాండే అతనికి తగిన బ్రాండు అని చెప్పవచ్చును.

ఇవి కూడా చూడండి

* రంపం
* టూ స్ట్రోక్ ఇంజను
* సరుగుడు
* హుద్‌హుద్ తుఫాను