చిన్న పడవకు గాలి దిశ: కోరంగి–కాకినాడ లోపలి జలాలలో తుపాను హెచ్చరికల చరిత్ర

వ్యాససంగ్రహం: గోదావరి గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి, కాకినాడ జలాలు పూర్తిగా సముద్రమూ కావు, నదీ కావు. పందొమ్మిదవ శతాబ్దంలో రూపుదిద్దుకున్న తుపాను శాస్త్రమూ, దాని వెంట వచ్చిన ఓడరేవు సంకేతాలూ ప్రధానంగా పెద్ద ఓడను దృష్టిలో ఉంచుకొని ఏర్పడ్డాయి. ఉప్పుటేళ్లలో, అఖాతంలో తిరిగే చిన్న పడవకు అత్యవసరమైన గాలి దిశ ఆ సంకేతాలలో ఏ విధంగా లోపించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కోరంగి, ఉప్పెన, పిడింగ్టన్, ప్రమాద సూచికలు, ఉప్పుటేరు, గాలి దిశ

1. మూడు అంకెలు

కోరంగి చరిత్ర ప్రస్తావనకు వచ్చిన ప్రతిచోటా మూడు అంకెలు తప్పకుండా కన్పిస్తాయి. 1839 నవంబరులో వచ్చిన తుపానులో 40 అడుగుల ఎత్తున ఉప్పెన లేచిందనీ, 20 వేల నౌకలు ధ్వంసమయ్యాయనీ, 3 లక్షల మంది మరణించారనీ ప్రపంచ ప్రకృతి వైపరీత్యాల పట్టికలు చెబుతున్నాయి. మన పాఠ్యగ్రంథాలు, పత్రికా వ్యాసాలు వాటినే తిరిగి చెబుతున్నాయి.

ఇవే మూడు అంకెలు మరొక తుపానుకూ ఉన్నాయి. 1737 అక్టోబరులో కలకత్తా వద్ద హుగ్లీ ముఖద్వారాన్ని తాకిన తుపాను గురించి లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’ ప్రచురించిన వార్తలో నీరు 40 అడుగులు పెరిగిందనీ, చిన్నా పెద్దా కలిపి 20 వేల నౌకలు నశించాయనీ, 3 లక్షల ప్రాణాలు పోయాయనీ ఉంది. ఆ వార్తను 1994లో రోజర్ బిల్హామ్ పునఃపరిశీలించి, నాటి కలకత్తా జనాభాకు అది ఏమాత్రం పొసగదనీ, ఈస్టిండియా కంపెనీ రికార్డులు చెప్పే మృతుల సంఖ్య సుమారు 3 వేలేననీ చూపాడు.

నూరేళ్ల ఎడంతో, రెండు వేర్వేరు నదీముఖాలలో వచ్చిన రెండు తుపానులకు నీటి ఎత్తు, నౌకల సంఖ్య, మృతుల సంఖ్య మూడూ ఒక్కటే కావడం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. కలకత్తా అంకెలు ఏదో ఒక సంకలనంలో కోరంగి పేరు పక్కకు జారి ఉంటాయన్నది నా ఊహ. ఆ జారుడు ఏ గ్రంథంలో జరిగిందన్నది వేరే పరిశోధనకు తగిన అంశం. ఒక్క సంగతి మాత్రం తర్కానికి నిలుస్తుంది: పూడికతో ఓడల రాకకు కష్టమవుతున్న ఒక పాయ ఒడ్డు రేవులో 20 వేల నౌకలు ఒకేసారి నిలవడానికి చోటు లేదు.

కోరంగికి విపత్తు రాలేదని ఈ మాటకు అర్థం కాదు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెంట ఒకటి పట్టణం మీదికి వచ్చిన సంగతి ప్రసిద్ధమే. 1839 తుపాను గురించి హెన్రీ పిడింగ్టన్ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రత్యేక వ్యాసమే రాశాడు. మనం పోగొట్టుకున్నది అసలు లెక్క. రేవులో ఎన్ని ధోనీలు ఉన్నాయి, ఉప్పుటేళ్లలో ఎన్ని నాటు పడవలు ఉన్నాయి, వాటిలో ఎందరు ఉన్నారు అన్న ప్రశ్నలను ఆ గుండ్రని సంఖ్యలు అడగనీయకుండా చేశాయి. 20 వేలు అన్నాక ఇంకేం లెక్కిస్తాం?

2. జలాల స్వరూపం, గాలుల నడక

ఈ ప్రాంతపు నీటిని మూడు భాగాలుగా అర్థం చేసుకోవాలి. మొదటిది గౌతమీ పాయ, దాని నుండి యానాం వద్ద విడివడే కోరంగి పాయ. రెండవది మడ అడవుల మధ్య అల్లుకున్న ఉప్పుటేళ్లు. మూడవది కాకినాడ అఖాతం. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దాలలో పెరిగిన హోప్ దీవి సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఈ అఖాతానికి తూర్పు గోడలా నిలిచింది. ఈ కట్ట నేటి రూపంలో 1789 నాటికి లేదు కనుక ఆనాటి కోరంగిని నేటి పటం మీద పెట్టి చదవకూడదు.

ఈ గోడ ఉత్తరం వైపు తెరిచి ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గాలి పడమటి, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది కనుక అఖాతం లోపల నీరు ఒద్దికగానే ఉంటుంది. అక్టోబరు దాటి ఈశాన్యపు గాలి తిరిగితే అదే అఖాతంలోకి అల నేరుగా ప్రవేశిస్తుంది. లోతు తక్కువ నీటిలో అల పొడవు తగ్గి నిటారుగా లేస్తుంది. లోతైన సముద్రంలో పడవను పైకెత్తి దించే గాలే ఇక్కడ పడవలోకి నీరు కొడుతుంది. మొగ వద్ద పరిస్థితి మరింత క్లిష్టం. పాటు సమయంలో నీరు బయటికి పరుగెడుతూ ఉండగా ఎదురుగా సముద్రపు గాలి వీస్తే, రెండూ ఢీకొన్న చోట అలలు విరిగి పడతాయి. అదే గాలి పోటు సమయంలో వీస్తే నీరు చాలావరకు సద్దుమణిగి ఉంటుంది. కనుక ‘గాలి ఎంత’ అన్న ప్రశ్నకు ‘ఎటు నుండి, ఏ నీటి మీద’ అన్న రెండు ప్రశ్నలు జోడించకపోతే ఈ జలాలలో ఆ సమాధానం వల్ల ఫలం లేదు.

తెరచాపల కాలంలో రోజువారీ ప్రయాణం ఈ లెక్క మీదనే సాగింది. వేకువన భూమి మీది నుండి వీచే గాలితో బయటికి పోయి, మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలితో ఇంటికి రావడం కోరమాండల్ తీరమంతటా ఉన్న పద్ధతి. కాకినాడలో ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసేవి. వాటికి సరకు చేరవేసే పడవలకూ ఈ గాలులే ఆధారం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టా కాలువలు ఏర్పడ్డాక, లోపలి పడవ రవాణా కాకినాడ వరకూ అల్లుకుంది. దక్షిణాన పెదగంజాం నుండి మరక్కాణం వరకు తీరానికి సమాంతరంగా సాగే ఉప్పునీటి కాలువకు 1878లో బకింగ్‌హామ్ పేరు పెట్టారు. ఆ పేరులో 1876–78 కరవు పనుల జ్ఞాపకమూ ఉంది. సముద్రం అల్లకల్లోలంగా ఉండే నెలలలోనూ సరకు కదలాలన్నదే అటువంటి జలమార్గాల ఆకర్షణ. కానీ గట్టు మీద తాడు పట్టి లాగేవారున్న కాలువలో పడవకు ఉన్న భద్రత, గట్టులేని ఉప్పుటేరులో, అఖాతంలో ఉండదు. గెడకు అందని లోతులో గాలి మారితే పడవవాని చేతిలో తెరచాప, చుక్కాని తప్ప మరేమీ మిగలవు.

ప్రాసంగికంగా ఒక మాట. బర్మాకు వలస వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ‘కోరింగీ’లన్నారు. రేవు పూడిపోయినా పేరు సముద్రం దాటింది.

3. పిడింగ్టన్ సూత్రం ఎవరి కోసం?

విలియం రీడ్ 1838లో తుపాను గాలుల నియమం గురించి ప్రచురించిన గ్రంథం పిడింగ్టన్‌కు ప్రేరణ. కలకత్తాలో నౌకా విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడైన పిడింగ్టన్ ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి, బంగాళాఖాతపు తుపానుల గమనాన్ని గీశాడు. 1848లో వెలువడిన తన నావికుల గ్రంథంలో, వలయాన్ని సూచించే గ్రీకు మాట ఆధారంగా ‘సైక్లోన్’ అన్న పదాన్ని ప్రతిపాదించాడు. ఆ గ్రంథంతోపాటు కొమ్ముతో చేసిన పారదర్శక ఫలకాలుండేవి. ఓడ కెప్టెన్ తన పటం మీద ఆ ఫలకాన్ని ఉంచి, తనకు వీస్తున్న గాలి దిశను బట్టి తుపాను కేంద్రం ఎటు ఉందో గుర్తించి, దానికి దూరంగా ఓడను మళ్లించుకోవాలి.

ఆ సూత్రం అద్భుతమైనదే. అయితే అది మళ్లడానికి చోటున్నవారి సూత్రం. ఉప్పుటేరులోని పడవకు పారిపోవడానికి సముద్రం లేదు. దానికి తెలియవలసింది కేంద్రం ఎక్కడున్నదని కాదు, నీరు లోపలికి వస్తుందా బయటికి పోతుందా అన్నది. మన భాషలోని ‘ఉప్పెన’ అన్న మాట ఇక్కడ ఆలోచింపదగినది. ‘సైక్లోన్’ గాలి తిరుగుడుకు పెట్టిన పేరు. ‘ఉప్పెన’ నీటికి పెట్టిన పేరు. తీరం లోపల నివసించేవారి అనుభవం రెండవ పదంలోనే ఉంది. పిడింగ్టన్ దీనిని ఎరుగనివాడు కాడు. మాతలా నది ఒడ్డున కొత్త రేవు కట్టే ఆలోచనను వ్యతిరేకిస్తూ, తుపాను అల దానిని ముంచగలదని 1853లో డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. 1867లో పోర్ట్ కానింగ్ విషయంలో అదే జరిగింది.

4. సంకేత స్తంభం చెప్పినదీ, చెప్పనిదీ

1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుపానులు తాకాయి. మచిలీపట్నం ప్రాంతంలోనే సుమారు 30 వేల మంది మరణించినట్లు లెక్క. ఈ విపత్తుల తర్వాత 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరిక ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి. 1886 నాటికి హెచ్చరికలు ఇతర రేవులకు విస్తరించాయి. ఒక్కొక్క రేవులో ఒక్కొక్క తీరున ఉన్న సంకేతాలను 1898లో ఏకరూపం చేశారు. పగలు శంకువులు, స్తూపాకారాలు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. వార్తలలో మనం వినే ‘మూడవ నంబరు ప్రమాద సూచిక’ ఆ వారసత్వమే.

సాధారణ పద్ధతిలో 11 సంకేతాలున్నాయి. 1, 2 దూరాన ఉన్న తుపానుకు; 3, 4 రేవు వద్ద ఈదురు గాలులకు; 5, 6, 7 ప్రమాదానికి; 8, 9, 10 మహాప్రమాదానికి; 11 సమాచార సంబంధాలు తెగిపోయాయని చెప్పడానికి. చివరి రెండు త్రయాలలో ఒక సున్నితమైన విభజన ఉంది. 5, 8 ఎగిరితే తుపాను తన మార్గానికి ఎడమ వైపున రేవును విడిచి పోతుంది. 6, 9 అయితే రేవు దాని కుడి వైపున ఉంటుంది. 7, 10 అయితే రేవు మీదుగానో, అతి సమీపం నుండో పోతుంది.

ఈ కుడి ఎడమలే లోపలి జలాలకు ప్రాణావసరం. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలి గడియారపు ముళ్లకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. పడమటికి కదిలే తుపాను మన తీరం దాటేటప్పుడు, దాని కుడి వైపున, అంటే ఉత్తరాన ఉన్న రేవుకు గాలి సముద్రం నుండి భూమి మీదికి వీస్తుంది. ఉప్పెన అటే లేస్తుంది. ఎడమన, దక్షిణాన ఉన్న రేవుకు గాలి భూమి నుండి సముద్రం మీదికి పోతుంది. అఖాతంలో నీరు వెనక్కి తీసి పడవలు బురదలో కూర్చుంటాయి, తాడు తెగిన పడవ మొగ దాటి బయటికి కొట్టుకుపోతుంది. రెండూ ప్రమాదాలే అయినా, చేయవలసిన పనులు పరస్పర విరుద్ధాలు. ఒకచోట పడవను వదిలి మెరకకు పోవాలి. మరొకచోట పడవను లోపలి పాయలోకి లాగి కట్టాలి.

ప్రధానంగా స్థానిక రాకపోకలు సాగించే చిన్న పడవలకు నెలవైన రేవుల కోసం ఒక సంక్షిప్త పద్ధతి ఉన్నది. అందులో ఐదే సంకేతాలు: 3, 4, 7, 10, 11. కుడి ఎడమలను చెప్పే 5, 6, 8, 9 అందులో లేవు. అసలు సంకేతమే ఎగరని మరికొన్ని చిన్న రేవులకు సందేశం మాత్రం పంపుతారు. దీనిని చిన్నచూపుగా వ్యాఖ్యానించడం తొందరపాటు. ‘ఎడమ’ అన్నది చూసేవాని ఎడమ కాదు, తుపాను మార్గానికి ఎడమ. ఆ తేడా తెలియనివాడు తారుమారుగా అర్థం చేసుకుంటే ప్రాణాంతకం. చిన్న పడవను ఎలాగూ నీటి నుండి తీసివేయాలి కదా అన్న వాదమూ ఉంది. అయినా ఫలితం మాత్రం ఇది: సముద్రంలో దారి మార్చుకోగల ఓడకు దిశ తెలిసింది, మార్చుకోలేని పడవకు తీవ్రత మాత్రమే తెలిసింది.

స్తంభం చెప్పని ఈ దిశను గాలి తానే కొంతవరకు చెబుతుంది. తుపాను దగ్గరపడుతున్నప్పుడు ఈశాన్యపు గాలి క్రమంగా తూర్పుకూ, ఆపై ఆగ్నేయానికీ తిరిగితే కేంద్రం మనకు దక్షిణంగా పోతున్నట్లు. అది ఉప్పెన వైపు. అదే గాలి ఉత్తరానికీ, వాయవ్యానికీ తిరిగితే కేంద్రం మనకు ఉత్తరంగా పోతున్నట్లు. తిరగకుండా ఒకే దిక్కు నుండి బలపడుతూ పోయి హఠాత్తుగా ఆగితే కేంద్రమే మీదికి వచ్చినట్లు. కొంతసేపటికి ఎదురు దిక్కు నుండి గాలి విరుచుకుపడుతుంది. తుపాను తగ్గిందనుకొని పడవలను చూసుకోవడానికి బయటికి వెళ్లేవారికి ఆ నిశ్శబ్దం మృత్యుద్వారం. ఈ గుర్తులు తెలుసుకోవడానికి కొమ్ము ఫలకం అవసరం లేదు. కావలసింది గంట గంటకూ దిక్కును గమనించడం. అయితే దిక్కు మారినట్లు తేలేసరికి సమయం మించిపోతుంది. ముందుగా చెప్పగలిగినది స్తంభమే.

5. 1977, 1996

1970లో విశాఖపట్నంలో తుపానులను గుర్తించే రాడార్ ఏర్పాటైంది. ఏడేళ్లకు, 1977 నవంబరు 19న, తుపాను చీరాల సమీపంలో తీరం దాటింది. ఎక్కువ ప్రాణాలు పోయింది తీరం దాటిన చోట కాదు. దానికి ఈశాన్యంగా, మార్గానికి కుడి వైపున ఉన్న దివిసీమలో. ప్రభుత్వ లెక్క ప్రకారమే మృతులు సుమారు 10 వేలు. ‘తీరం దాటే చోటు’ అన్న ఒక్క బిందువుగా వార్త వెళ్లినప్పుడు, ఆ బిందువుకు కుడి వైపున ఉన్నవారు తాము దూరంగా ఉన్నామనే భావిస్తారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన తీరం దాటింది. కోరంగి జలాలు ఈసారి స్పష్టంగా కుడి వైపున ఉన్నాయి. చిన్నదైనా తీవ్రమైన ఆ తుపానులో వేయి మందికి పైగా మరణించారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి గౌతమీ ముఖద్వారపు మత్స్యకార గ్రామాల మీదికి ఉప్పెన వచ్చింది. వేటకు వెళ్లి తిరిగిరాని వారిని చాలాకాలం ‘మృతులు’ అన్న గడిలో కాక ‘గల్లంతైనవారు’ అన్న గడిలో రాశారు. 1839కి ఉన్న మూడు గుండ్రని అంకెలకన్నా ఆ రెండవ గడి మనకు ఎక్కువ చెబుతుంది. అందులోని ప్రతి సంఖ్య వెనుకా ఒక పడవ, అది బయలుదేరిన రేవు, బయలుదేరిన వేళ ఉన్నాయి. గ్రామాల వారీగా వాటిని సేకరించి, ఆనాటి గాలి దిశల పక్కన పెట్టి చదవడం ఇంకా సాధ్యమే. ఆ పడవలను సాగనంపినవారిలో పలువురు ఇప్పటికీ ఆ రేవులలోనే ఉన్నారు.