ఉక్కునగరమున మనశ్శాస్త్రము, గణాంకములు

మన దేశమున మనశ్శాస్త్రమునకును గణాంకశాస్త్రమునకును పుట్టినిల్లు ఒకటే; అది కలకత్తా. 1916లో అచటి విశ్వవిద్యాలయమున నరేంద్రనాథ సేన్‌గుప్తా ప్రయోగాత్మక మనశ్శాస్త్రమునకు నాంది పలికెను. 1931లో మహలనోబిస్ భారతీయ గణాంకసంస్థను నెలకొల్పెను. బెంగాలీ బుద్ధిపరీక్షల మార్కులను ఆయన స్వయముగా పరిశోధించినవాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన సి. ఆర్. రావుగారు 1943లో గణాంకశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందినదియు కలకత్తాలోనే.

జంషెడ్‌పూరు ఆ నగరమునకు ఎంతో దూరము లేదు. అయినను ఇచటి డిగ్రీ కళాశాలల పాఠ్యక్రమము అటనుండి రాలేదు. కోఆపరేటివ్ కళాశాల 1952లోను, మహిళా కళాశాల 1953లోను వెలసినవి. అప్పుడీ ప్రాంతము బీహారు విశ్వవిద్యాలయము క్రింద నుండెను. 1960లో రాంచీ, 2009లో కొల్హాన్ విశ్వవిద్యాలయములు ఏర్పడెను. తరగతిగది అదే, నల్లబల్ల అదే. ప్రశ్నపత్రము పంపువారు మాత్రము మారిరి. 1949లో స్థాపితమైన ఎక్స్.ఎల్.ఆర్.ఐ. తన డిప్లొమాలను తానే ఇచ్చుకొనును గనుక దానికి ఈ చిక్కు లేదు.

అసలు చిక్కు వేరొకటి. ఈ విశ్వవిద్యాలయములలో మనశ్శాస్త్రము కళావిభాగమునకు చెందినది. మెట్రిక్యులేషనుతో గణితమునకు స్వస్తి చెప్పిన విద్యార్థిని, ఆనర్సు తరగతిలో ప్రామాణిక విచలనమును చూచి బెదరును. ఆమె తప్పేమున్నది? వర్గమూలమునుండి మొదలుపెట్టవలసిన భారము అధ్యాపకునిది. అందులకు వేళ కేటాయించిన పాఠ్యక్రమములు అరుదు. 1904లో బడిపిల్లల మార్కులను పోల్చి చూచి, సహసంబంధగణితమునకు క్రొత్త దారి చూపిన స్పియర్‌మన్ గణితాచార్యుడు కాడు, మనశ్శాస్త్రజ్ఞుడు. ఆ కథను నేనైతే మొదటి దినముననే చెప్పుదును.