మాండలిన్ శ్రీనివాస్

ఉప్పలపు శ్రీనివాస్ (ఫిబ్రవరి 28, 1969 - సెప్టెంబరు 19, 2014) ప్రఖ్యాత కర్ణాటక సంగీత విద్వాంసుడు. మాండలిన్ శ్రీనివాస్ అనే పేరుతో ఈయన సుప్రసిద్ధుడు. పాశ్చాత్య వాద్యమైన మాండలిన్‌ను కర్ణాటక సంగీత కచేరీలో ప్రధాన వాద్యంగా నిలిపిన ఘనత ఈయనది. జాజ్ సంగీత వేదికలపై కూడా ఈయన పేరు తెచ్చుకున్నాడు. 1998లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో సత్కరించింది.

బాల్యం, శిక్షణ

శ్రీనివాస్ పశ్చిమ గోదావరి జిల్లాలోని పాలకొల్లులో జన్మించాడు. తండ్రి సత్యనారాయణ కూడా మాండలిన్ వాయించేవాడు. ఆరేళ్ళ వయసులో శ్రీనివాస్ ఇంట్లో ఉన్న ఆ వాద్యాన్ని చేతిలోకి తీసుకొని తనంతట తానే పలికించడం మొదలుపెట్టాడు. కుమారునిలోని ప్రతిభను గుర్తించిన తండ్రి అతనికి కొత్త మాండలిన్ కొనిచ్చి, తొలి పాఠాలు నేర్పాడు. గిటారు వాద్యకారుడు వాసూరావు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేశాడు.

తరువాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు వద్ద కర్ణాటక సంగీత శిక్షణ ప్రారంభమైంది. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. అందుచేత గురువు కృతిని పాడేవాడు, శిష్యుడు విని దానిని వాద్యంపై పలికించేవాడు. ఏ వేలిని ఎక్కడ ఉంచాలో, తీగను ఎలా మీటాలో చెప్పేవారు లేకపోవడంతో ఆ పద్ధతులను శ్రీనివాస్ స్వయంగా కనిపెట్టుకోవలసి వచ్చింది. గాత్రాన్ని అనుసరిస్తూ నేర్చుకున్నందువల్ల ఈయన వాదనంలో పాటకు దగ్గరగా ఉండే శైలి ఏర్పడింది.

మాండలిన్ - కర్ణాటక సంగీతం

ఐరోపాలో పుట్టిన మాండలిన్‌కు సాధారణంగా ఎనిమిది తీగలుంటాయి. ఇవి నాలుగు జంటలుగా అమరి ఉంటాయి. ఒక్కొక్క జంటలోని రెండు తీగలను ఒకే స్వరానికి శ్రుతి చేసి, చిన్న బిళ్ళతో మీటుతారు. భారతదేశంలో ఈ వాద్యం సినిమా వాద్యబృందాలలోను, లలిత సంగీతంలోను ఎక్కువగా వినిపించేది. హిందీ చలనచిత్ర సంగీత దర్శకుడు సజ్జాద్ హుస్సేన్ (1917-1995) దీనిని వాయించడంలో పేరు పొందాడు.

కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరాన్ని ఒకేచోట నిలపక, ఊపుతూ, పక్క స్వరాలను తాకుతూ పలికించడమే గమకం. ఉదాహరణకు తోడి రాగంలోని గాంధారాన్ని ఊపకుండా నిలిపి వాయిస్తే ఆ రాగ స్వరూపమే మారిపోతుంది. మాండలిన్‌పై గమకం పలకడానికి మూడు అడ్డంకులు ఉన్నాయి.

* మెట్లు స్థిరంగా ఉండడం వలన స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి.
* జంట తీగలు బిగువుగా ఉంటాయి. రెండింటినీ ఒకేసారి సమంగా లాగడం కష్టం.
* మీటిన వెంటనే నాదం సన్నగిల్లిపోతుంది.

వయొలిన్ కూడా పాశ్చాత్య వాద్యమే అయినా దానికి మెట్లు లేవు. వేలిని తీగపై జార్చవచ్చు, కమాను ఆడుతున్నంతసేపు నాదం నిలుస్తుంది. అందువల్ల ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) కాలం నుండి అది కర్ణాటక సంగీతంలో కలిసిపోగలిగింది. అయినప్పటికీ చాలాకాలం పక్కవాద్యంగానే ఉండిపోయింది. విజయనగరం సంగీత కళాశాల ప్రధానాచార్యునిగా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు (1893-1964) వంటి విద్వాంసుల కృషితో దానికి కచేరీలో ప్రధాన స్థానం లభించింది. మాండలిన్ విషయంలో ఇంతటి మార్పును ఒకే వ్యక్తి తన జీవితకాలంలో సాధించాడు.

శ్రీనివాస్ జంట తీగలను వదిలి, ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. ఒంటి తీగను మెట్టుపై లాగడం, జార్చడం సులభం. విద్యుత్ సహాయంతో నాదం పెరగడం వల్ల ఒకసారి మీటిన తరువాత తీగ కంపిస్తున్నంతసేపు అనేక స్వరాలను పలికించవచ్చు. అదనపు తీగ వలన మంద్రస్థాయి కూడా విస్తరించింది. ఈ మార్పులతో పాటు ఎడమచేతి వేళ్ళపై సాధించిన అదుపు వల్ల ఈయన వాద్యంపై నిదానంగా సాగే రాగాలాపన, అతివేగమైన స్వరకల్పన రెండూ సాధ్యమయ్యాయి.

కచేరీలు

1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొమ్మిదేళ్ళ వయసులో శ్రీనివాస్ తొలి కచేరీ చేశాడు. తరువాత కుటుంబం మద్రాసు (నేటి చెన్నై)కు తరలివెళ్ళింది. 1981లో మద్రాసు సంగీతోత్సవాల సందర్భంగా ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై ఇచ్చిన కచేరీతో ఈయన పేరు మారుమ్రోగింది. శాస్త్రీయ సంగీతానికి మాండలిన్ పనికిరాదన్న అభిప్రాయం క్రమంగా సడలిపోయింది. వయొలిన్, మృదంగం, ఘటం పక్కవాద్యాలుగా వర్ణం, కృతులు, రాగం-తానం-పల్లవి మొదలైన అంశాలతో సంప్రదాయ కచేరీ పద్ధతినే ఈయన పాటించాడు. వాద్యం కొత్తదైనా బాణీ పాతదే కావడం ఆదరణకు ఒక ముఖ్య కారణం.

జాజ్, ప్రపంచ సంగీతం

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి శ్రీనివాస్ వయసు 14 సంవత్సరాలు. ఆ వేదికపై ఈయన వినిపించినది కర్ణాటక సంగీతమే. జాజ్ సంగీతంలో కళాకారుడు వేదికపై అప్పటికప్పుడు స్వరాలను అల్లుతాడు. కర్ణాటక సంగీతంలోని మనోధర్మం కూడా ఇటువంటిదే. అయితే జాజ్ వాద్యకారుడు సాధారణంగా స్వరసమ్మేళనాల వరుసను ఆధారం చేసుకుంటాడు, కర్ణాటక విద్వాంసుడు రాగ, తాళాలకు కట్టుబడి ఉంటాడు.

1992లో బార్సిలోనా ఒలింపిక్ కళోత్సవంలో ఈయన పాల్గొన్నాడు. 1995లో కెనడా గిటారు వాద్యకారుడు మైఖేల్ బ్రూక్‌తో కలిసి "డ్రీమ్" ఆల్బమ్‌ను వెలువరించాడు. ఇంగ్లండుకు చెందిన జాజ్ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ నడిపిన "రిమెంబర్ శక్తి" బృందంలో శ్రీనివాస్ సభ్యుడు. 1970లలో "శక్తి" పేరుతో వెలసిన బృందానికి ఇది పునరుద్ధరణ. గాయకుడు శంకర్ మహదేవన్, కంజీర విద్వాంసుడు సెల్వగణేశ్ ఇందులోని ఇతర సభ్యులు. ఈ బృందంలో మాండలిన్, గిటారు మధ్య సాగే సవాలు-జవాబులు శ్రోతలను విశేషంగా ఆకట్టుకునేవి.

మరణం, వారసత్వం

కాలేయ వ్యాధితో బాధపడిన శ్రీనివాస్‌కు చెన్నైలో కాలేయ మార్పిడి చికిత్స జరిగింది. తదనంతరం ఆరోగ్యం క్షీణించి, 2014 సెప్టెంబరు 19న 45 ఏళ్ళ వయసులో మరణించాడు. తొలి కచేరీ నుండి లెక్కిస్తే ఈయన సంగీత జీవితం 36 సంవత్సరాలు.

సోదరుడు యు.రాజేష్ ఈయన వద్దనే శిక్షణ పొంది మాండలిన్ విద్వాంసుడయ్యాడు. 2008లో మెక్‌లాఫ్లిన్ వెలువరించిన "ఫ్లోటింగ్ పాయింట్" ఆల్బమ్‌లో వాయించాడు. శ్రీనివాస్ బాల్యంలో ఈ వాద్యాన్ని కర్ణాటక పద్ధతిలో నేర్పే గురువు లేడు. ఆ తరువాతి తరం విద్యార్థులకు అనుసరించదగిన బాణీ ఒకటి ఏర్పడి ఉంది.

పురస్కారాలు

* 1998 - పద్మశ్రీ
* 2009 - సంగీత నాటక అకాడమీ పురస్కారం

కొన్ని ఆల్బములు

* డ్రీమ్ (1995) - మైఖేల్ బ్రూక్‌తో
* ది బిలీవర్ (2000) - రిమెంబర్ శక్తి
* సాటర్‌డే నైట్ ఇన్ బాంబే (2001) - రిమెంబర్ శక్తి
* సంజనిత (2008)