కోలారు మీదుగా విమానం, మారికుప్పం దాకా రైలు



మ్యాపు మీద బెంగళూరు, చెన్నై విమానాశ్రయాలను ఒక గీతతో కలిపి చూడండి. దూరం సుమారు 267 కిలోమీటర్లు. ఆ గీత కోలారు పట్టణం పక్కనుంచే పోతుంది. మన కేజీఎఫ్ దానికి దక్షిణంగా 20 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. గాలిలో ఉండేది గంటలోపే.

కానీ ఆ గంట మనకు ఎంతకు పడుతుంది? చెన్నై విమానం ఎక్కాలంటే ముందు చెన్నైకి వీపు చూపించి దేవనహళ్లికి పోవాలి. రోడ్డు మీద రెండు గంటల పైమాటే. తనిఖీలకు గంటన్నర, దిగాక ఊళ్లోకి మరో గంట. అంతా కలిపితే దాదాపు ఆరు గంటలు. బంగారుపేటలో రైలెక్కినవాళ్లు ఈలోపే సెంట్రల్‌లో దిగి కాఫీ తాగుతుంటారు.

దూరం ఒకటి, చేరే సమయం ఒకటి అన్న ఈ తేడా మన ఊరికి పాతదే. మద్రాసు నుంచి రైలు 1864లోనే బెంగళూరు చేరింది. మైసూరు కమిషనర్ బౌరింగ్ పేరు మీద వెలిసిన బౌరింగ్‌పేటే మన బంగారుపేట. అక్కడికి గనులు 16 కిలోమీటర్లే. అయినా 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక కూడా ఆ కాస్త దూరానికి ఎడ్లబండ్లే దిక్కు. 1894లో మారికుప్పం దాకా పట్టాలు పడ్డాయి. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, అంటే నేటి చిత్తూరు వైపు నుంచి కూడా, మన పెద్దలు పనికి వచ్చారు.

వాళ్ల అసలు ప్రయాణం మాత్రం కిందికి. చాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైన. ఒక్క బోనులో అడుగుకు చేరలేరు. ఒక షాఫ్ట్ దిగి, లోపల నడిచి, మరో షాఫ్ట్ ఎక్కాలి. ఆ మూడు కిలోమీటర్లకు పట్టే సమయాన్ని ఏ మ్యాపూ చెప్పదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఒకప్పుడు మనుషుల్ని పనికి తెచ్చిన రైలే ఇప్పుడు తెల్లవారకముందే మన పిల్లల్ని పనికోసం బెంగళూరు తీసుకుపోతోంది. రోజుకు నాలుగైదు గంటలు బోగీలోనే గడిచిపోతున్నాయి.

అందుకే రెండు మాటలు. ఒకటి, ఊరినుంచి పెద్దవాళ్లను పిలిపించుకునేవాళ్లు టికెట్ కొనేముందు గడప నుంచి గడపకు లెక్క వేయండి. 455 కిలోమీటర్ల హైదరాబాదుకు విమానమే మేలు. చెన్నైకి రైలే మేలు. రెండు, కుప్పం–మారికుప్పం కొత్త లైను గురించి అడుగుతూనే ఉండండి. అది సుమారు 24 కిలోమీటర్లు. ఇప్పుడు రైల్లో కుప్పం పోవాలంటే బంగారుపేట చుట్టి 50 కిలోమీటర్లు తిరగాలి. ఆ లైను పూర్తయితే మారికుప్పం పట్టాలు ఆగిపోయే చోటు కాదు, దారిలో వచ్చే స్టేషన్ అవుతుంది. మన ఊరికి విమానాశ్రయం కన్నా ముందు కావలసింది అదే.